లాక్ స్టాక్ అండ్ టూ స్మోకింగ్ బ్యారెల్స్: మోసం చేసింది హ్యారీ, దోచింది పక్కింటోళ్ళని. ఇది పగ ఎలా అవుతుంది?

మూడో ఆట:
మొన్న ఒక ఫ్రెండ్ ఈ సినిమా గురించి "నలుగురు కుర్రాళ్ళు పగ తీర్చుకునే దోపిడీ కథ" అని చెప్పి చూడమన్నాడు. చూశాను, నవ్వుకున్నాను. కానీ అందులో పగ ఎక్కడుంది మహాప్రభో?

చూడనివాళ్ళ కోసం (కథంతా చెప్పేస్తున్నాను, వద్దనుకుంటే ఇక్కడే ఆగండి): గై రిచీ మొదటి సినిమా, 1998. లండన్ ఈస్ట్ ఎండ్. ఎడ్డీ, టామ్, బేకన్, సోప్ తలా 25 వేల పౌండ్లు వేసుకుని ఎడ్డీని పేకాటకి పంపుతారు. అవతల హ్యాచెట్ హ్యారీ అనే రౌడీ పెద్ద. హ్యారీ ఎడ్డీ ముక్కలు కనపడేలా కెమెరా పెట్టించి, పక్క గదిలోంచి సైగలు అందుకుంటూ ఆడతాడు. లక్ష పోయింది సరికదా, 5 లక్షల పౌండ్ల బాకీ నెత్తిన పడింది. గడువు వారం. కట్టకపోతే వేళ్ళు తెగుతాయి.

అప్పుడు వీళ్ళేం చేస్తారు? పక్క ఫ్లాట్‌లోని డాగ్ ముఠా గంజాయి పెంచే కుర్రాళ్ళ మీద పడబోతోందని పల్చటి గోడలోంచి వింటారు. వాళ్ళు దోచుకొచ్చాక ఆ సొమ్ము మనం కొట్టేద్దాం అనుకుంటారు. ఆ డబ్బు మళ్ళీ ఎవరికి? హ్యారీకే! అత్త మీద కోపం దుత్త మీద చూపించడం వరకు విన్నాను గానీ, దుత్త పగలగొట్టి అందులో పెరుగు అత్తకే పెట్టడం ఇక్కడే చూశాను.

పేకముక్క:
మూడో ఆట గారూ, మీరు పేకాట సీను ఒక్క ముక్కలో దాటేశారండి. కథంతా అక్కడే ఉంది.

వాళ్ళాడేది త్రీ కార్డ్ బ్రాగ్. మన తీన్ పత్తికి అమ్మమ్మ వరస. మనకి మూడు ఆసులు పెద్దవి, వాళ్ళకి మూడు మూళ్ళు పెద్దవి, అంతే తేడా అనుకోండి. బ్లైండ్ (ముక్కలు చూడకుండా) ఆడేవాడు కట్టినదానికి చూసి ఆడేవాడు రెట్టింపు కట్టాలి. చివరికి ఇద్దరే మిగిలితే ముక్కలు చూపించమనడానికి కూడా రెట్టింపు. కాబట్టి చేతిలో ఎంత మంచి ముక్క ఉన్నా జేబులో డబ్బు లేకపోతే గోవిందా. ఎడ్డీకి సరిగ్గా అదే అయింది. ఆపేస్తే అప్పటిదాకా పెట్టిందంతా పోతుంది. అప్పు ఇస్తానన్నది ఎవరు? ఎదురుగా ఆడుతున్న హ్యారీయే.

మా ఊళ్ళో సంక్రాంతి మూడు రోజులూ కోడిపందేల బరి పక్కన గుడారం వేసి పేకాట ఆడేవాళ్ళు. ఒకాయన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, తొడ మీద చిన్న పుస్తకం పెట్టుకుని, ఉంగరాలు, వాచీలు తాకట్టు పట్టేవాడు. మా పెదనాన్న ఉంగరం వేలికి బిగుసుకుపోతే గోలీ సోడాతో తడిపి మరీ లాగాడు, నేను పక్కనే ఉన్నాను. అంత కసాయివాడూ తను మాత్రం ముక్క పట్టేవాడు కాదు. హ్యారీకి ఆ పాటి నీతి కూడా లేదు. అలాంటివాడి బాకీని బాకీ అంటారా? అందులోంచి బయటపడటానికి దొంగల్ని దోచుకుంటే నాకేమీ తప్పనిపించలేదు.

రేకుల టాకీస్:
అన్నా, నీ పెదనాన్న మీద గౌరవంతోనే అంటున్నా. ఎడ్డీని అక్కడికి వెళ్ళమని ఎవరు బలవంతం చేశారు? మొదటి సీనులోనే బేకన్ రోడ్డు మీద దొంగ సరుకు అమ్ముతూ, పోలీసులు కనపడగానే పరుగు. (ఆ వేషం వేసిన జేసన్ స్టేథమ్‌కి ఇదే మొదటి సినిమా. అంతకుముందు నిజంగానే వీధిలో నగలు, సెంట్లు అమ్మాడు. అందుకే ఆ నోరు అంత బాగా ఆడుతుంది.) వీళ్ళేం పాలు తాగే పిల్లలు కాదు.

ఇంకోటి. డాగ్ ముఠా వ్యాన్ వెనకాల ఒక ట్రాఫిక్ వార్డెన్ దెబ్బలు తిని పడి ఉంటాడు. వాడు హ్యారీ మనిషి కాదు, డాగ్ మనిషీ కాదు. బండికి చలానా రాసుకునే మామూలు ఉద్యోగి. వీళ్ళు వాడిని కాపాడారా? ఇంకో నాలుగు వడ్డించారు. థియేటర్లో అయితే అక్కడ ఈలలు పడతాయి, నేనూ వేసేవాడినే. కానీ మంచివాళ్ళు అని మాత్రం అనకండి.

లండన్ చలి:
నేను ఈస్ట్ హామ్‌లో ఉంటాను. ఈ సినిమా చూపించే లండన్ ఎంతవరకు నిజం అన్నది ఇక్కడ పాత గొడవ. ఈ యాస, ఈ రౌడీ డాబు అంతా కలవారి పిల్లలు అరువు తెచ్చుకున్నది అని విమర్శ. రిచీ సవతి తండ్రి బిరుదున్న జమీందారీ కుటుంబం వాడు మరి. అలాగని అంతా డొల్ల అనీ అనలేం. హ్యారీ కుడిభుజం బ్యారీ ద బాప్టిస్ట్ వేషం వేసిన లెనీ మెక్లీన్ నిజంగానే ఒట్టి పిడికిళ్ళతో పందెం బాక్సింగ్ ఆడినవాడు. సినిమా విడుదలకి నెల ముందే పోయాడు. బార్‌లో ఒకడు కాక్నీ (తూర్పు లండన్) యాసలో ఒక ముచ్చట చెబుతుంటే కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పడతాయి చూడండి, ఇంగ్లీషుకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్! రిచీ ఆ యాసని ఎగతాళి చేస్తున్నాడో, ముద్దు చేస్తున్నాడో తేల్చుకోలేం.

అసలు విషయానికి వస్తే, ఈ సినిమాకి ఎవరి మీదా కోపం లేదు. అందరూ సరదా మనుషులే. కోపం లేనిచోట పగ ఎక్కడ పుడుతుంది?

కోనసీమ పిల్ల:
నాకు నచ్చింది ఆ గంజాయి కుర్రాళ్ళ ఇంట్లో ఉండే గ్లోరియా ఒక్కతే. సోఫాలో మత్తుగా పడి ఉంటే దిండో, మనిషో తెలియదు. ఉన్నట్టుండి లేచి బ్రెన్ గన్ (మెషిన్ గన్) పేల్చేస్తుంది. సినిమా మొత్తం మీద ఆడవాళ్ళకి దక్కిన పని దాదాపు అదే. సరే, మీరు కానివ్వండి.

రేకుల టాకీస్:
@లండన్ చలి, కోపం లేదంటే ఒప్పుకోను బ్రో. హ్యారీ మనిషి బిగ్ క్రిస్ సంగతేంటి? వసూళ్ళకి కూడా కొడుకుని వెంటేసుకుని తిరుగుతాడు, బూతు మాట్లాడితే పిల్లాడిని మందలిస్తాడు. డాగ్ వచ్చి ఆ పిల్లాడి మెడ మీద కత్తి పెడతాడు. ఆ తర్వాత డాగ్ తలని కారు తలుపుకి మధ్య పెట్టి క్రిస్ ఎన్నిసార్లు కొడతాడో లెక్కపెట్టలేం. అక్కడ పాట లేదు, జోక్ లేదు. విన్నీ జోన్స్ అప్పటిదాకా ఫుట్‌బాల్ ఆటగాడు, నటన కొత్త. అయినా ఆ మొహం చూస్తే నాకు వెన్ను జలదరించింది. ఈ సినిమాలో పగ అంటే ఆ ఒక్క నిమిషమే.

మూడో ఆట:
ఇది ఒప్పుకుంటున్నాను. కానీ అది హీరోల పగ కాదు కదా! హ్యారీ ఎలా చస్తాడు? తను మోజుపడ్డ పాత తుపాకుల కోసం దొంగల్ని పంపితే, అవి చేతులు మారి టామ్ చేతికొస్తాయి, అక్కడి నుంచి తిరిగి తిరిగి హ్యారీ ఆఫీసుకే చేరతాయి. వాటి కోసమే ఆ దొంగలు హ్యారీ ఆఫీసు మీద పడితే అందరూ పోతారు. డాగ్ ముఠా, గంజాయి దందా నడిపే రోరీ ముఠా ఒకళ్ళనొకళ్ళు కాల్చుకునేది ఎడ్డీ వాళ్ళ ఇంట్లోనే, కానీ అప్పుడు వీళ్ళు ఇంట్లోనే లేరు! ఎవరి మీదా ఒక్క గుండు పేల్చకుండా గెలిచారు. దీన్ని పగ అనరు, సుడి అంటారు.

పేకముక్క:
హిందీలో 2006లో వచ్చిన ఫిర్ హేరా ఫేరీ చూడండి. కథ ఇక్కడిదే, చివర వంతెన మీద తుపాకులతో సహా. కానీ అక్కడ పేకాట తీసేసి, 21 రోజుల్లో డబ్బు రెట్టింపు అనే స్కీమ్ పెట్టారు. మన జనానికి పేకాటలో పోగొట్టుకున్నవాడి మీద జాలి ఉండదు, స్కీములో మునిగినవాడి మీద ఉంటుంది. అది తెలిసే మార్చారేమో అని నా అనుమానం.

రేకుల టాకీస్:
అంటే పేకాటరాయుడి మీద జాలి అక్కర్లేదని నువ్వే ఒప్పుకున్నట్టు కదన్నా. ఇంతకీ మీ పెదనాన్న ఉంగరం వెనక్కి వచ్చిందా?

పేకముక్క:
రాలేదు తమ్ముడూ. దసరాకి ఇంకోటి చేయించుకున్నాడు. అదీ పోయింది.