60 ఎల్ఈడీల సీరియల్ సెట్: వేగం నాబ్ ఒక కొసనే పనిచేస్తోంది, వరుసలు దూకుతున్నాయి

దీపాలదండ:
12 వోల్ట్ అడాప్టర్ మీద నాలుగు వరుసలు, ఒక్కోదానిలో 15 ఎల్ఈడీలు. రెండు వరుసలు ఎరుపు, రెండు తెలుపు. 555 టైమర్ ఐసీ నుంచి పల్స్, దాని తరవాత ఒక్కో పల్స్‌కి ఒక్కో అవుట్‌పుట్‌ను వరసగా ఆన్ చేసే కౌంటర్ ఐసీ సీడీ4017, చివర ఎల్ఈడీ వరుసలను నడిపే డ్రైవర్ ఐసీ యూఎల్ఎన్2003. 4017లో 3, 2, 4, 7 పిన్నులు వాడి, 10వ పిన్నును 15కి (రీసెట్) కలిపాను. 13వ పిన్ను ఖాళీ. 555కి 10కె (10 కిలో-ఓమ్) రెసిస్టర్, దాని కింద 10కె + 500కె పాట్ (నాబ్‌తో మారే రెసిస్టర్), 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. ఎల్ఈడీలు మూడేసి సిరీస్‌లో, అలాంటి గుంపులు ఐదు పక్కపక్కన. ఐదింటికీ కలిపి ఒకటే రెసిస్టర్.

నాబ్ తిప్పుతుంటే ముప్పావు దూరం నత్తనడకే, చివర్లో ఒక్కసారిగా వేగం. అప్పుడప్పుడు ఒక వరుస వెలగకుండా తరవాతిది వెలుగుతోంది, వైరు ముట్టుకుంటే ఇంకా ఎక్కువ. తెల్లవి ఒక్కో గుంపు ఒక్కో రకంగా వెలుగుతున్నాయి. పైగా అన్నీ ఒకేసారి మెరిసే మోడ్ కూడా పెట్టాలని ఉంది. 4017ని రీసెట్‌లో పట్టి ఉంచి, 555 అవుట్‌పుట్‌ను డయోడ్లతో నాలుగు వరుసలకూ ఇస్తే చాలా?

టంకంపొగ:
దూకడం సంగతి ముందు. 4017లో 13వ పిన్నును గ్రౌండ్‌కి కలపండి. 4017 లాంటి సీమాస్ ఐసీలో ఇన్‌పుట్ గాలిలో వేలాడితే వేలు తగిలినా అది సిగ్నలే. ఇంకో కారణం 555 లోపల ఉంది: మామూలు ఎన్ఈ555 అవుట్‌పుట్ మారే క్షణంలో సప్లై నుంచి ఒక్కసారిగా గట్టిగా కరెంట్ లాగుతుంది, ఆ కుదుపును 4017 ఇంకో క్లాక్ అనుకుంటుంది. 555లో 8, 1 పిన్నుల మధ్య, కాళ్లకు ఆనుకునేలా 100 నానోఫారడ్ సిరామిక్, పక్కనే 100 మైక్రోఫారడ్ పెట్టండి. 555లోనే 5వ పిన్ను నుంచి గ్రౌండ్‌కి 10 నానోఫారడ్. సీమాస్ రకం 7555 పెడితే ఈ గొడవ చాలావరకు పోతుంది.

నాబ్‌లో తప్పేమీ లేదు, లెక్కే అలాంటిది. ఫ్రీక్వెన్సీ = 1.44 ÷ ((పై రెసిస్టర్ + 2 × కింది రెసిస్టర్) × కెపాసిటర్). మీ విలువలకు 0.3 హెర్ట్జ్ నుంచి 10.2 హెర్ట్జ్ దాకా వస్తుంది. వేగం రెసిస్టెన్స్‌కు విలోమం కాబట్టి, లీనియర్ పాట్‌లో మార్పంతా తక్కువ ఓమ్‌ల కొసన ఇరుక్కుంటుంది. లాగ్ పాట్ (తిప్పేకొద్దీ ఓమ్‌లు మొదట మెల్లగా, చివర్లో గబగబా పెరిగేది) వాడండి. కాకపోతే కుడికి తిప్పితే నెమ్మదిస్తుంది. కుడికి వేగం పెరగాలంటే రివర్స్ లాగ్ కావాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ విలువ 20 శాతం అటూ ఇటూ ఉండడం మామూలే, అంకెలు అచ్చంగా కలవకపోతే కంగారు పడకండి.

తెల్లవాటి కథ వేరు. మూడు తెల్లవి సిరీస్‌లో 9.6 వోల్ట్‌లు తింటాయి, యూఎల్ఎన్ ఇంకో 0.9. రెసిస్టర్‌కి మిగిలేది 1.5 వోల్టే. 15 మిల్లీయాంప్‌కి 100 ఓమ్‌లు పెట్టారనుకుందాం. ఒక్కో ఎల్ఈడీ 3.2 బదులు 3.4 తీసుకుంటే కరెంట్ 9కి పడిపోతుంది, 3.0 అయితే 21కి ఎక్కుతుంది. అందుకని రెండేసి పెట్టి, ప్రతి జతకూ 330 ఓమ్‌లు: 14 మిల్లీయాంప్. 15ని రెండేసిగా పంచలేం కాబట్టి 16 చేయండి. ఎరుపు మూడేసి ఉండనివ్వండి, వాటికీ 330 ఓమ్‌లే. ఏ గుంపు రెసిస్టర్ ఆ గుంపుకే ఉండాలి. ఒకదాన్ని పంచుకుంటే తక్కువ వోల్టేజీ గుంపు కరెంటంతా మింగేస్తుంది. పావు వాట్ రెసిస్టర్లు చాలు.

12 వోల్ట్ సీమాస్‌తో యూఎల్ఎన్2003 కన్నా యూఎల్ఎన్2004 సరైన జోడీ. కాళ్ల వరస అదే, ఇన్‌పుట్ రెసిస్టర్ 2.7కె బదులు 10.5కె, 4017 మీద భారం తగ్గుతుంది.

మినుకు:
రీసెట్‌లో పడితే చాలదండీ. 4017 రీసెట్‌లో ఉన్నంతసేపూ క్యూ0, అంటే 3వ పిన్ను, హైలోనే ఉంటుంది. ఆ వరుస ఆరనే ఆరదు. 3ని వదిలేసి 2, 4, 7, 10 వాడండి, రీసెట్‌కి 1వ పిన్ను (క్యూ5). ప్రతి చుట్టుకీ ఒక చీకటి అడుగు వస్తుంది. నా కంటికి పరుగు (వరుసలు ఒకదాని తరవాత ఒకటి వెలగడం) దానివల్లే ఇంకా బాగుంటుంది. 15వ పిన్నుకు 10కెతో గ్రౌండ్, 1వ పిన్ను నుంచి ఒక 1ఎన్4148 డయోడ్, మోడ్ స్విచ్ నుంచి ఇంకొకటి. యూఎల్ఎన్ ఇన్‌పుట్ ఒక్కోదానికి 4017 వైపు నుంచి ఒక డయోడ్, 555 వైపు నుంచి ఒకటి.

10 హెర్ట్జ్ మాత్రం ఈ మోడ్‌లో వద్దు. అన్నీ ఒకేసారి సెకనుకు మూడుసార్లకు మించి మెరిస్తే, వెలుగు మెరుపులకు మూర్ఛ వచ్చేవాళ్లకు ప్రమాదం. పరుగు మోడ్‌లో ఐదు అడుగులకు ఒకసారి కాబట్టి ఒక్కో వరుస సెకనుకు రెండుసార్లే. అందుకే కింది 10కెతో సిరీస్‌లో 39కె కలపండి, గరిష్ఠం 2.8 హెర్ట్జ్‌కి దిగుతుంది. మూడు పోల్‌ల రోటరీ స్విచ్ తీసుకుంటే ఒక పోల్ 555 అవుట్‌పుట్‌ను డయోడ్లకు ఇస్తుంది, ఇంకోటి రీసెట్‌కి 12 వోల్ట్ ఇస్తుంది, మూడోది పరుగు మోడ్‌లో 39కెని షార్ట్ చేస్తుంది.

పల్స్‌రాజు:
మెల్లగా వెలిగి మెల్లగా ఆరడం కావాలంటే 555 దగ్గరే తిప్పలు పడకండి, ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు) పెట్టండి. యూఎల్ఎన్2003 దీనికి సరిపోతుంది, 5 వోల్ట్ సిగ్నల్‌కే కదా. మాస్‌ఫెట్ (స్విచ్‌లా వాడే ట్రాన్సిస్టర్) అయితే 5 వోల్ట్‌కే తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్. ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ పూర్తిగా తెరుచుకోవడానికి గేటుకు 10 వోల్ట్ కావాలి. గేటు నుంచి గ్రౌండ్‌కి 10కె మరవొద్దు, లేకపోతే ఆన్ చేసిన క్షణంలో వరుసలు పిచ్చిగా మెరుస్తాయి. వెలుగు విలువను 0 నుంచి 255 వరకు సమానంగా పెంచితే కంటికి మొదట్లో గబుక్కున వెలిగినట్టుంటుంది, కాబట్టి 2.2 గామా పట్టికతో (కంటికి వెలుగు సమానంగా పెరిగినట్టు అనిపించేలా సరిచేసే పట్టిక) విలువలు మార్చండి. ప్రోగ్రామ్‌ను ఆపి ఉంచే డిలే ఫంక్షన్ వాడితే నాబ్ ఆలస్యంగా పలుకుతుంది, గడిచిన సమయం చెప్పే మిల్లీస్ ఫంక్షన్‌తో రాయండి.

దీపాలదండ:
13వ పిన్ను, కెపాసిటర్లతో దూకడం ఆగింది. 16 తెల్లవి చేశాక, అన్నీ ఒకేసారి వెలిగితే 1 యాంప్ అడాప్టర్ చాలుతుందా?

టంకంపొగ:
ఎరుపు వరుసకు 5 × 15 = 75, తెల్ల వరుసకు 8 × 14 = 112. రెండేసి వరుసలు కలిపి సుమారు 375 మిల్లీయాంప్. చాలుతుంది. అడాప్టర్ తరవాత 1 యాంప్ ఫ్యూజ్ వేయండి.