పాత శుభలేఖలు, మిగిలిన కాగితం ముక్కలతో గ్రీటింగ్ కార్డులు: ఎవరైనా చేస్తున్నారా?

కత్తెర_కమల
సంక్రాంతికి చుట్టాలకి చేత్తో చేసిన కార్డులు పంపుదామని కూర్చున్నానండీ. ఇంట్లో పాత శుభలేఖలు, గిఫ్ట్ పేపర్ ముక్కలు గుట్టగా పడున్నాయి. తెల్ల గమ్ము రాస్తే పల్చటి కాగితం ముడతలు పడుతోంది, అట్ట మడత దగ్గర పగులుతోంది. కవర్లు ఏ సైజులో చేసుకోవాలో కూడా చెప్పండి.

గోదారి_గట్టు
గమ్ము మానెయ్యండి. మా అమ్మమ్మ మైదా ఉడకబెట్టి చిటికెడు మైలుతుత్తం వేసేది, ఆవిడ అంటించిన పుస్తకాల అట్టలు ఇప్పటికీ ఊడలేదు, పురుగూ పట్టలేదు.

ఇద్దరు_పిల్లల_తల్లి
మైలుతుత్తమా!! విషం అండీ అది. చిన్నపిల్లలు కూర్చుని చేసే పనికి ఎవరైనా అది చెప్తారా? మావాడు జిగురు కనిపిస్తే వేలు పెట్టి నాకుతాడు.

గోదారి_గట్టు
పిల్లలకి పెట్టమన్లేదు కదమ్మా. పెద్దాళ్లు కలుపుకుంటారనే చెప్పా.

ప్రెస్_బాబాయ్
మైదాలో మాత్రం నీళ్లుండవా? తడి తగిలితే కాగితం సాగుద్ది, ఆరాక ముడుచుకుంటది, అంతే. పల్చటిదానికి గ్లూ స్టిక్కో డబుల్ టేపో వాడండి. నేను ప్రెస్సులో పెరిగినోణ్ణి, యూట్యూబ్ చూసి చెప్పట్లేదు. కాగితానికి గ్రెయిన్ ఉంటది, అంటే లోపలి పీచు ఎక్కువగా ఒకే దిక్కుకి పడుకుని ఉంటది. రెండు వైపులా మెల్లగా వంచి చూడండి, ఎటు తేలిగ్గా వంగితే మడత అటే రావాలి, ఎదురు మడిస్తే పగలక ఏం చేస్తది. ముందు రీఫిల్ అయిపోయిన బాల్ పెన్నుతో స్కేలు పెట్టి గీత లాగి అప్పుడు మడవండి.

ధర్మపథం
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, శుభలేఖ మీద వినాయకుడు ఉంటాడు, నాలుగు మూలలా పసుపు ఉంటుంది. దాన్ని కత్తెరతో ముక్కలు చెయ్యడం ఏమిటి? అపచారం కాదూ?

ఓరుగల్లు_పోరడు
మరి మీ ఇంట్ల శుభలేఖలు ఏం చేస్తరు సార్? పెండ్లి అయినంక పాత పేపర్లోనికి కిలో లెక్కన పోతయి గదా, గప్పుడు అపచారం యాదికి రాదా?

ధర్మపథం
మేం అమ్మం. నదిలో కలుపుతాం.

ఓరుగల్లు_పోరడు
లామినేషన్ అట్టని నదిలనా?? అది కరగది, గట్టుకొచ్చి బురదల పడుంటది, మీ వినాయకుని మీద బర్లు తొక్కుకుంట పోతయి. అక్క కార్డు చేసి పంపితే కనీసం ఎవరింట్లనో గోడకుంటడు.

ధర్మపథం
మాట మర్యాదగా ఉండాలి. నేను అడిగింది పద్ధతి గురించి.

సీమ_సుబ్బి
అయ్యా ఇద్దరూ ఆపండప్పా. బొమ్మ జోలికి పోకుండా చుట్టూ కత్తిరించి, మొత్తంగా కార్డు ముందర అంటించండి. లామినేషన్ దానికి గమ్ము పట్టదు, వెనక కొంచెం ఉప్పుకాగితంతో రుద్దితే పట్టుకుంటుంది. పెండ్లి కార్డు కవరు విప్పి చూడండి, లోపలి పక్క చక్కని సాదా కాగితం, దాన్ని ఎవరూ పట్టించుకోరు.

విశాఖ_వెన్నెల
అసలు ముక్క వెనకాల ఏముందో చూసుకుని అంటించండి బాబూ. మా తమ్ముడు మంచి క్రీమ్ కలర్ అట్ట దొరికిందని మా బావగారి పుట్టినరోజుకి కార్డు చేశాడు. ఆయన మురిసిపోయి అందరికీ చూపిస్తూ వెనక్కి తిప్పితే "వైకుంఠ సమారాధన"! మా అక్క ఇప్పటికీ వాడితో సరిగ్గా మాట్లాడదు.

ఓరుగల్లు_పోరడు
😂😂 గా తమ్మునికి దండం

ఇద్దరు_పిల్లల_తల్లి
మా స్కూల్లో అయితే రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజ్, రేపు పొద్దున్నకి టీచర్స్ డే కార్డు తేవాలట. కార్డు చేసేది మేమే, గుడ్ పడేది వాడికి.

కత్తెర_కమల
ఎవరి గొడవ వాళ్లదే గానీ నా కవర్ల సంగతి ఒక్కరూ చెప్పరేం?

ప్రెస్_బాబాయ్
ఏ ఫోర్ కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్లీ మడిస్తే 105 బై 148 మిల్లీమీటర్లు వస్తది. కవరు 114 బై 162 చేస్కోండి, బజార్లో రెడీమేడ్ కూడా అదే సైజులో దొరుకుద్ది. మొత్తం ఏ ఫోర్ మడిచి పెద్ద కార్డు చేస్తే మాత్రం చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే, అంటే 300 జీఎస్‌ఎం అట్టే దగ్గర దగ్గర 19 గ్రాములు, పైన కవరు పడితే 20 దాటుద్ది, స్టాంపు ఎక్కువ అంటించాలి.

విశాఖ_వెన్నెల
ముత్యాలు, గుండీలు కూడా అంటించకండి కమలగారూ. పోస్టాఫీసులో ముద్ర కొట్టేది చేత్తోనో సుత్తితోనో తెలీదు, మా పిన్నికి చేరేసరికి గుండీ కవరు చింపుకుని బయటికొచ్చేసింది.