'క్రాక్' అనే మాటని పిల్లలకి ఏ వరసలో చెప్పాలి?

నమస్కారమండీ. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గరే డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంటాను. ఒక్క మాట దగ్గర మీ సాయం కావాలి.

'క్రాక్' మనవాళ్లకి కొత్తేం కాదు. గోడకి క్రాక్ వచ్చిందంటారు, నీట్ క్రాక్ చేశాడంటారు, తిక్క మనిషినీ క్రాక్ అంటారు. అసలైతే అది ఉత్త చప్పుడే, ఎండుకొమ్మ ఫెళ్లున విరిగినట్టు. చప్పుడు నుంచి పగులు, పగలగొట్టడం నుంచి చిక్కు విప్పడం... ఇంతవరకు పిల్లలు ఇట్టే అందుకుంటున్నారు.

ఇబ్బందంతా ఆ తర్వాతే. 'క్రాక్ షాట్' అంటే గురి తప్పనివాడు, 'క్రాక్ ట్రూప్స్' అంటే మేటి సేన. పగిలినది మేటి ఎలా అయిందండీ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. ఒకప్పుడు ఈ క్రియకి గొప్పలు చెప్పుకోవడం అనే అర్థం ఉండేది. స్కాట్లాండులో ఇప్పటికీ క్రాక్ అంటే పిచ్చాపాటీ. ఆ గొప్పల దారినే మేటి అన్న అర్థం వచ్చిందని చెబుతున్నాను.

మరి 'క్రాక్ ఆఫ్ డాన్' సంగతి? తెల్లవారుజామును చప్పుడుతో కలపాలా, చీకట్లో పడ్డ చీలికగా చూపాలా? మన 'పొద్దు పొడవడం' పక్కన పెడితే బాగుంటుందనిపిస్తోంది గానీ, పిల్లల్ని తప్పుదారి పట్టిస్తానేమోనని భయం.

ఇంగ్లీషు బోధించేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఇవన్నీ ఒకే పాఠంలో కలిపి చెబుతారా, విడివిడిగానా? మీరు వాడే ఉదాహరణ వాక్యాలు రెండు మూడు రాసినా చాలా మేలు చేసినవారవుతారు.