అప్‌డేట్: ఫోన్‌లో దాచేసిన ఆ 11 వీడియోల సంగతి

మొన్న అడిగా కదా, బ్యాగులు కుట్టి అమ్ముతాను, అంతా నేనొక్కదాన్నే, 11 వీడియోలు తీసి కూడా సరిగ్గా రాలేదని ఫోన్‌లోనే దాచేశా, ఏం చేయమంటారు అని. అందరూ పెట్టేయ్ అన్నారు, ఒకరు మాత్రం ఒక్కో వీడియో ఎడిటింగ్‌కి టైమర్ పెట్టుకో, 40 నిమిషాలు దాటితే ఇంక ముట్టుకోకు, పెట్టేయ్ అన్నారు. అదే పనిచేసింది.

మొదట పెట్టింది జిప్పు కుట్టే వీడియో. మధ్యలో దారం తెగింది, నేను "అబ్బా" అన్నా, వెనకాల ఫ్యాన్ మోత. అవి కట్ చేద్దామని మనసు పీకింది గానీ టైమ్ అయిపోయింది, కళ్ళు మూసుకుని యూట్యూబ్‌లో పెట్టేశా. చూస్తే కామెంట్లన్నీ దారం ఎందుకు తెగింది, సూది నంబర్ ఎంత అనే! (14 వాడా, ఆ మందం గుడ్డకి 16 వాడాల్సింది.)

ఇంకోదాంట్లో కొలత తప్పు చెప్పా, అది మాత్రం వదల్లేదు. పెట్టేసిన వీడియో బదులు అదే లింకులో కొత్తది పెట్టడం యూట్యూబ్‌లో కుదరదు, అందుకే డిస్క్రిప్షన్‌లో సరిచేసి పైన కామెంట్ పిన్ చేశా. మాట తడబడితే పోనీలే అనుకుంటా, కొలత తప్పితే ఎవరి గుడ్డో పాడవుద్ది కదా.

ఇప్పటికి 6 పెట్టా. మిగతావాటిలో రెండు నిజంగానే బాలేవు, డిలీట్ కొట్టేశా, పెద్ద బాధ కూడా అనిపించలేదు.