వైరస్ వాహకమా, వాహక వైరస్సా?

కర్నూలు, జీవశాస్త్ర అధ్యాపకురాలు:
ఆప్టోజెనెటిక్స్ (కాంతితో నాడీకణాలను పనిచేయించే పద్ధతి) మీద డిగ్రీ విద్యార్థులకు తెలుగులో పాఠం రాస్తున్నాను. క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచులో, నీలి కాంతి పడితే తెరుచుకునే చానెల్‌రోడాప్సిన్ ప్రోటీన్ ఉంది. దాని జన్యువును నాడీకణాల్లోకి చేర్చేది, తనంతట తాను పెరగకుండా మార్చిన వైరస్. ఇంగ్లీషులో 'వైరల్ వెక్టర్' అనే దాన్ని 'వైరస్ వాహకం' అన్నాను. "డెంగీ దోమ లాగానా మేడమ్?" అని అడిగింది ఒక అమ్మాయి. ఏమనాలి?

కడప, విశ్రాంత తెలుగు పండితులు:
ఆ అమ్మాయికి వ్యాకరణం వచ్చమ్మా! 'వైరస్ యొక్క వాహకం' అని విప్పితే షష్ఠీ తత్పురుష, అది దోమే. 'వైరస్ అనే వాహకం' అంటే సంభావనా పూర్వపద కర్మధారయం, తుంగభద్రా నది లాగా. మీకు కావలసింది ఈ రెండోదే. చదివేవాడి దగ్గర విగ్రహవాక్యం ఉండదు కాబట్టి 'వాహక వైరస్' అని తిప్పేయండి.

అనంతపురం, భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి:
మా పుస్తకాల్లో వాహకం అంటే రాగి తీగ, వెక్టర్ అంటే సదిశ. పైగా సంస్కృతం పక్కన ఇంగ్లీషు మాట. ఇది వైరి సమాసం కాదా సార్?

కడప:
'రైలు ప్రయాణం' అంటున్నప్పుడు లేని వైరం వైరస్ దగ్గరే ఎందుకు నాయనా?

కర్నూలు:
'వాహక వైరస్' నాకు నచ్చింది సార్. ముందు రకం పేరు కూడా చేర్చుకోవచ్చు. 2005లో ఈ జన్యువును నాడీకణాల్లోకి చేర్చడానికి శాస్త్రవేత్తలు బోయ్డెన్, డైసెరోత్‌ల బృందం వాడింది లెంటివైరస్. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఏఏవీ, అంటే అడినో-అసోసియేటెడ్ వైరస్. సుమారు 25 నానోమీటర్ల ఈ వైరస్‌లో 4.7 కిలోబేస్‌ల (కిలోబేస్ అంటే వెయ్యి అక్షరాలు) డీఎన్‌ఏ మాత్రమే పడుతుంది. చానెల్‌రోడాప్సిన్‌లో కావలసిన భాగానికి ఒక కిలోబేస్ చాలు, కాబట్టి ప్రమోటర్‌కు, అంటే జన్యువు ఏ కణాల్లో పనిచేయాలో నిర్ణయించే డీఎన్‌ఏ ముక్కకు, చోటు మిగులుతుంది. వైరస్ ఎన్ని రకాల కణాల్లోకి దూరినా, ప్రోటీన్ తయారయ్యేది ఆ ప్రమోటర్ పనిచేసే కణాల్లోనే. ఇంకొక సందేహం: వైరస్‌ను 'సోకించారు' అనవచ్చా?

కడప:
వద్దమ్మా. సోకడం జబ్బుకు, గాలికి, దయ్యానికి చెల్లే మాట. సెలైన్ ఎక్కించినట్టు దీన్నీ 'ఎక్కించారు' అనండి.

అనంతపురం:
ఇది ఒప్పుకుంటాను. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుతో చూపు పోయిన ఒకాయన కంట్లోకి ఇలాంటి వైరస్‌నే ఎక్కించారు. ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకున్నప్పుడు ఆయన బల్ల మీది వస్తువులను గుర్తించగలిగాడని 2021లో నేచర్ మెడిసిన్‌లో వచ్చింది. ఆయనకు వైరస్ 'సోకించారు' అని రాస్తే పాఠకుడు ఆసుపత్రి మీద కేసు పెట్టమంటాడు.