థిక్ అంటే మందమేనా?

ఇంగ్లీషు థిక్ (thick)‌కి తెలుగు మాట అడిగితే చాలామంది మందం అని చెప్పి ఊరుకుంటారు. ఒక్క మాటతో పనవదండీ. దేని గురించో తెలిస్తే గానీ మాట నోటికి రాదు.

గోడ, పలక, అట్టు అయితే మందం. బట్ట, కాగితం అయితే దళసరి. తాడు, తీగ, చెట్టు మాను లాంటి గుండ్రటివాటికి లావు. పుస్తకం గుండ్రంగా లేకపోయినా లావుపాటి పుస్తకం అనే అంటాం, ఎందుకో మరి! తెలంగాణలో ఈ లావుకే దొడ్డు అంటారు. 2025 ఉగాదికి అక్కడి రేషన్‌లో దొడ్డు బియ్యం బదులు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. ఆ దొడ్డుని ఇంగ్లీషులో థిక్ అనకండి, కోర్స్ (coarse) అనాలి.

వంటింట్లో పట్టింపులు ఇంకా ఎక్కువ. పాలు, పులుసు చిక్కగా ఉంటాయి. పెరుగు గట్టిగా తోడుకుంటే గడ్డపెరుగు, దాన్నే నీళ్లు తక్కువ పోసి చిలికితే చిక్కటి మజ్జిగ. ఇక అడవి, పొగమంచు దట్టం, జుట్టు ఒత్తు, పొద గుబురు.

పాత ఇంగ్లీషు నాటికే థిక్‌కి రెండు అర్థాలున్నాయి. ఒకటి మందం, రెండోది దగ్గరదగ్గరగా కిక్కిరిసి ఉండటం. ఈ రెండోది తెలియకపోతే త్రూ థిక్ అండ్ థిన్ అనే ఇంగ్లీషు నుడికారం అంతుపట్టదు. అక్కడ థిక్ అంటే చెట్టూచేమా ఒత్తుగా పెరిగిన చోటు, థిన్ అంటే అవి పలచబడ్డ చోటు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన రీవ్ కథలో, ఎవరో కట్టు విప్పేసిన గుర్రం అడవి గుర్రాల వైపు సకిలిస్తూ దౌడు తీస్తుంది, థిక్కనక థిన్ననక! ఈ నుడికారాన్ని మనం కష్టసుఖాల్లో అని అనువదించేస్తాం. పెళ్లి ప్రమాణానికైతే సరే గానీ, ఆ గుర్రానికి మాత్రం రాయనక రప్పనక అంటేనే ఊపు.

మనవాళ్లు తెగ వాడే థిక్ ఫ్రెండ్స్ గురించి ఒక మాట. ప్రాణస్నేహితులన్న అర్థం ఇంగ్లీషులోనూ ఉంది, కాకపోతే థిక్ యాజ్ థీవ్స్ (దొంగల్లా కలిసిపోయారు) అన్నప్పుడు ఏదో గూడుపుఠాణీ వాసన కొడుతుంది. పైగా బ్రిటన్‌లో మనిషిని ఉత్త థిక్ అంటే బుర్ర తక్కువ అని. లండన్‌లో వి ఆర్ వెరీ థిక్ అంటే మేమిద్దరం మొద్దులం అని ఒప్పుకున్నట్టే.

ఇక్కడ మాత్రం రెండు భాషలూ భలే కలిశాయి. బుర్ర మందం, తోలు మందం రెండింటికీ థిక్ చక్కగా సరిపోతుంది. పిల్లాడికి మందం చేసిందని డాక్టరుకి చెప్పాల్సి వస్తే మాత్రం థిక్‌ని పక్కనపెట్టి అజీర్తి అని చెప్పండి.