సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' వేస్తే కూర్చుంటారా?

అంబాజీపేట ఆడపడుచు:
అందరికీ నమస్కారం. ఈ భోగికి మా పుట్టింట్లో పద్దెనిమిది మందిమి కలుస్తున్నాం. మగవాళ్లు ఎలాగూ పందేల బరుల దగ్గరే తేలతారు. మిగిలిన మాకూ పిల్లలకూ రాత్రి పెరట్లో దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి 'సౌండ్ ఆఫ్ మ్యూజిక్' అనే ఇంగ్లీషు సినిమా వేద్దామని నా కోరిక. చిన్నప్పుడు మా బాబాయి సంక్రాంతి సెలవులకి వీసీపీ అద్దెకి తెచ్చేవాడు. రెండు తెలుగు క్యాసెట్లు, వాటితోపాటు ప్రతిసారీ ఇదొకటి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, సినిమాలో నాన్న ఈల వేయగానే ఏడుగురు పిల్లలూ మెట్లు దిగి వరసలో నిలబడే సీను రివైండ్ చేయించుకుని మరీ చూసేవాళ్లం.

నా టెన్షనంతా మా అమ్మ గురించే. అరవై ఎనిమిదేళ్లు. ఇంగ్లీషు రాదు, చూపు కూడా తగ్గింది. "నాకెందుకే, పొద్దున్నే బోలెడు పని" అని లేచిపోతుంది. సినిమా చూస్తే 174 నిమిషాలు. ఎక్కడ కొయ్యాలి? పెద్దవాళ్లకి చూపించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాలవగట్టు:
కొయ్యకండి. ఇంటర్వెల్ వాళ్లే పెట్టారు. విందు జరుగుతుండగా, ఆ పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన మరియా సంచీ, గిటారు పట్టుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతుంది చూడండి, సరిగ్గా అక్కడ. భోగి రాత్రి అంతవరకూ వేసి ఆపేయండి. రెండో సగం చిన్నదే. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం నుంచి తిరిగొచ్చాక ఎలాగూ కాళ్లు లాగుతుంటాయి, అందరూ కూలబడతారు, అప్పుడు వేయండి.

పెరట్లో దుప్పటి మాత్రం వద్దు. ఈ రోజుల్లో మంచు ఎలా కురుస్తుందో తెలుసుగా, తడిసి బొమ్మ మసకైపోతుంది. వీధరుగు పక్కన సున్నం వేసిన గోడ ఉంటే దాని మీద వేసుకోండి. ఇంట్లో బాగా మాట్లాడే పిల్లనొకదాన్ని మీ అమ్మగారి పక్కన కూర్చోబెట్టండి, కథ చెబుతూ ఉంటుంది. మా ఇంట్లో ఆ పని మా పెద్దత్తయ్యది. సినిమాలో లేని డైలాగులు కూడా చెప్పేసేది.

పాలకొల్లు మేష్టారు:
అమ్మా, 'డో-రే-మీ' స్వరాల పాట దగ్గర కాసేపు ఆపి పిల్లల చేత సరిగమలు పాడించండి. మన స్వరాలూ ఏడే, అక్కడ పిల్లలూ ఏడుగురే.

కెప్టెన్, అంటే ఆ పిల్లల నాన్న, పాడే 'ఎడెల్‌వైస్' పాట ఆస్ట్రియా జానపదమని చాలామంది అనుకుంటారు. కాదు. 1959లో బ్రాడ్‌వే నాటకం కోసం రోజర్స్ బాణీ కడితే హామర్‌స్టీన్ రాశారు. ఆయన రాసిన ఆఖరి పాట అదే. మరుసటి ఏడే పోయారు, 1965లో వచ్చిన సినిమా చూడనేలేదు. ఇంకో సంగతి, కెప్టెన్ వేషం క్రిస్టఫర్ ప్లమ్మర్‌ది, సినిమాలో పాటలు పాడిన గొంతు బిల్ లీది. రామారావు గారికి ఘంటసాల పాడినట్టేనని చెప్పండి, మీ అమ్మగారు చెవి అటు పడేస్తారు.

రాజోలు కుర్రాడు:
చివర్లో జర్మనీ నాజీల నుంచి తప్పించుకోడానికి కొండెక్కి పారిపోతారు కదండీ, ఈ కథకి మూలమైన అసలు కుటుంబం 1938లో శుభ్రంగా రైలెక్కి ఇటలీ వెళ్లింది. వాళ్ల ఊరు సాల్జ్‌బర్గ్ దగ్గర కొండ దాటితే వచ్చేది జర్మనీయే! దొంగకి భయపడి దొంగ ఇంట్లోనే దూరినట్టు. పిల్లలకి సినిమా అయ్యాకే చెప్పండి, ముందే చెబితే ఆ సీనంతా నవ్వుతూ కూర్చుంటారు.

అంబాజీపేట ఆడపడుచు:
ముక్కనుమ పొద్దున రాస్తున్నాను. కాలవగట్టు గారూ, మీ మాట వినకుండా దుప్పటే కట్టాం. అరగంటకల్లా తడిసి ముద్దయింది. అందరం చాపలు ఎత్తుకుని అరుగు మీదకి మారాం.

కథ చెప్పే పని మా మేనకోడలికి అప్పగించాం. అమ్మ స్తంభానికి ఆనుకుని, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. తెరవైపు చూస్తోందో లేదో తెలియదు. మరియా పరదాలు కత్తిరించి పిల్లలకి బట్టలు కుట్టింది చూడండి, అక్కడ అమ్మ చేతులు ఆగాయి. "తొంభయ్యారు తుఫానుకి నీకు కుట్టలేదుటే గౌను, గుమ్మం కర్టెనుతోటి? నీలం పువ్వులది" అంది. నాకు గుర్తే లేదు. అక్క మాత్రం "నడుం దగ్గర కర్టెను రింగు దూర్చిన మడత అలాగే ఉండిపోయింది, అందులోంచి లాడా ఎక్కించింది అమ్మ" అంది. ఇంక సినిమా ఎవరికి కావాలి? పెంకులు లేచిపోవడం, బీరువాలో బట్టలన్నీ బురద కావడం, తోటలో కొబ్బరిచెట్లు ఒకదాని మీద ఒకటి పడిపోవడం, ఆ రాత్రంతా అమ్మే చెప్పింది. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. ఇంటర్వెల్ దాకా లాగేసరికి పన్నెండు దాటింది.

రెండో సగం చూడనేలేదు. తీర్థం నుంచి వచ్చి గారెలు తిని ఎక్కడివాళ్లక్కడ నిద్రపోయాం. ఇందాక కాఫీ ఇస్తూ అమ్మ అడిగింది, "ఇంతకీ ఆ పిల్ల మళ్లీ వచ్చిందా ఆ ఇంటికి?" అని.

రాత్రికి వేస్తానన్నాను.